సిరిమాను రాత్రికి ఇంట్లో కాల్చిన బన్నులు

మా అత్తయ్య లెక్కలో రొట్టె అంటే జ్వరం. ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే వేడిపాలల్లో ముంచి పెట్టేది బ్రెడ్డు. జ్వరం తగ్గాక మిగిలిన ముక్కలు పిల్లల పాలు. అందుకే నాలుగేళ్ళ కిందట సిరిమాను పండగ రాత్రి భోజనంలోకి బన్నులు చేస్తానన్నప్పుడు, తరుగుతున్న వంకాయ పక్కన పెట్టి మరీ నా మొహం కేసి చూశారు. "పండగపూట జొరం తిండేటే?" అన్నారు.

ఆ ఏడాది ఆవిడ మాటే నెగ్గింది. బన్నులు పాడైపోయాయి. ఎలా పాడయ్యాయో కాసేపట్లో చెబుతాను. తర్వాత రెండేళ్ళు పడుతూ లేస్తూ నడిచాయి. పోయినేడు మాత్రం పళ్ళెం ఖాళీ అయింది. ఇప్పుడు మా వీధిలో ముగ్గురు నలుగురు ఎలా చేశావని అడుగుతున్నారు. అందరికీ ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

మాది విజయనగరం. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మవారి సిరిమానోత్సవం, దాని ముందు రోజు తొలేళ్ళు. సంక్రాంతికి సాకులు చెప్పే చుట్టాలు కూడా ఈ రెండు రోజులకి పిలవకుండానే వస్తారు. రాయగడ నుంచి మా వదిన వాళ్ళు నలుగురు, విశాఖ నుంచి మరిది వాళ్ళు ముగ్గురు, సాలూరు నుంచి మా తమ్ముడూ మరదలూ, ఇంట్లో మేం అయిదుగురం. వెరసి పద్నాలుగు విస్తళ్ళు. మధ్యాహ్నం పులిహోర, పరమాన్నంతో కానిచ్చేస్తాం. అప్పుడు ఎవరి మనసూ తిండి మీద ఉండదు. అసలు భోజనం రాత్రిదే. మేకమాంసం కూర, అన్నం, పెరుగు. అత్తయ్య మంగళవారం నీచు ముట్టరు, గుడ్డు కూడా తినరు. ఆవిడ కోసం బంగాళదుంప కుర్మా. ఈ రెండింట్లోకీ ముంచుకోవడానికే బన్నులు.

వంట కంటే పెద్ద చిక్కు కరెంటుది. సిరిమాను, అంటే పొడవాటి చింతమాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ మాను చివర పూజారి గారు గాల్లో కూర్చుని ఉంటారు. దారిలో తీగలు తగలకుండా సరఫరా ఆపేస్తారు. మా వీధి ఆ దారికి ఆనుకునే ఉంది కాబట్టి మధ్యాహ్నం పోయిన కరెంటు మళ్ళీ సాయంత్రమే. నా ఓటీజీ, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, 1500 వాట్లది. మా ఇన్వర్టరు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు మోస్తుందంతే. రాత్రి వేడిగా పెట్టాల్సిన బన్నుల పిండి మధ్యాహ్నమంతా ఏమైపోవాలి? ఇక్కడే నేను మొదటి ఏడు దెబ్బతిన్నాను. పాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి. పిండిని పొంగకుండా ఆపి, మనకి కావలసినప్పుడు లేపడం మాత్రం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

ముందు పాళ్ళు. ఇవి ఇరవై నాలుగు బన్నులకి. మైదా 550 గ్రాములు. పాలు 370 మిల్లీలీటర్లు, అందులో 200 విడిగా పెట్టండి. పెరుగు 50 గ్రాములు. పంచదార 55 గ్రాములు. వెన్న 60 గ్రాములు. ఉప్పు 10 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా నిండుగా, ఇంకో ముప్పావు. గుడ్డు వేసేవాళ్ళు పెరుగు బదులు ఒక గుడ్డు వేసుకోవచ్చు. నేను అత్తయ్య కోసం పెరుగే వేస్తాను. రుచిలో తేడా కనిపెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. బజారు వెన్నలో ఉప్పు ఉంటే మనం వేసే ఉప్పు 8 గ్రాములకి తగ్గించండి. నేను ఇంట్లో గేదెపాల మీగడ చిలికిన వెన్న వాడతాను. దాన్ని రెండు మూడు నీళ్ళు పోసి కడిగి, మజ్జిగ పూర్తిగా పిండేయాలి.

గ్లాసులూ గుప్పిళ్ళూ వద్దు, తూచండి. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. చూపుతో కొలత చెప్పేసే దర్జీ దగ్గర గుడ్డ ఇచ్చి ఏడ్చినవాళ్ళు నా దగ్గరికే వస్తారు. పిండీ అంతే. ఒకే గ్లాసులో మైదా వదులుగా పోస్తే ఒక బరువు, కుదించి పోస్తే ఇంకో బరువు. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే చాలు.

ఈస్ట్ గురించి రెండు మాటలు. ఇసకలా సన్నగా ఉండేది ఇన్‌స్టంట్, దాన్ని నేరుగా పిండిలో కలిపేయొచ్చు. కాస్త లావుగా, గుండ్రటి పలుకుల్లా ఉండేది యాక్టివ్ డ్రై. దాన్ని గోరువెచ్చని పాలలో, చిటికెడు పంచదారతో పది నిమిషాలు నానబెట్టాలి. పైన నురుగు కడితే బతికుందని లెక్క. నురుగు లేకపోతే పారేయండి, పిండి కూడా పాడుచేసుకోకండి. పాలు వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది. 60 డిగ్రీలు దాటితే ఇక ఆశ లేదు. నేను రెండో ఏడు ఒక కొట్టులో డబ్బా మూత తీసి చెంచాతో కొలిచి పొట్లం కట్టి ఇచ్చిన ఈస్ట్ కొన్నాను. ఎన్నాళ్ళ నుంచి ఆ మూత తెరుస్తూ మూస్తూ ఉన్నారో, పిండి రాత్రంతా రాయిలా పడుకుంది. అప్పటి నుంచి సీలు వేసిన చిన్న ప్యాకెట్టే తెస్తాను. తేదీ చూసి కొని, విప్పాక గాలి చొరని సీసాలో పోసి ఫ్రీజర్లో పెడతాను.

పని సోమవారం సాయంత్రం మొదలు. మొట్టమొదట అంబలి కాచాలి. నవ్వకండి, నిజంగా అంబలే. మైదాలోంచి 40 గ్రాములు తీసి, విడిగా పెట్టిన 200 పాలలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద గరిటె ఆపకుండా తిప్పాలి. మూడు నాలుగు నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత క్షణం పాటు నిలవాలి. అప్పుడు దించేయండి. మా వైపు చోడి (రాగి) అంబలి కాచడం వచ్చిన ఎవరికీ ఇది కొత్త విద్య కాదు. ఇలా ఉడికిన పిండి తన బరువుకి ఎన్నో రెట్ల నీటిని పట్టుకుంటుంది. కాల్చాక కూడా ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది కాబట్టి బన్ను మర్నాటికి కూడా అట్టముక్కలా అవదు. నేను ఒక ఏడు ఇది లేకుండా చేసి, పొద్దున్నే గట్టిపడ్డ బన్నుల్ని చూసి దిగులుపడ్డాను. అంబలి మీద మూత పెట్టి బాగా చల్లారనివ్వండి. వేడిది వేస్తే ఈస్ట్ సంగతి పైన చెప్పాను కదా.

ఇప్పుడు పెద్ద పళ్ళెంలో మిగిలిన 510 గ్రాముల మైదా, ఈస్ట్, పంచదార కలపండి. చల్లారిన అంబలి, పెరుగు వేసి, మిగిలిన 170 పాలలో ముందు 150 పోసి చూడండి. ఒక్కో మైదా ఒక్కోలా తాగుతుంది. పొడిపిండి కనిపించకపోతే చాలు, పిసకొద్దు. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ ఇరవై నిమిషాల్లో పిండి తనంతట తాను సాగడం నేర్చుకుంటుంది. సగం పని మన చేతికి తప్పుతుంది. నేను ఆ టైంలో ఒక బ్లౌజుకి హుక్కులు కుట్టేస్తాను.

తర్వాత ఉప్పు, మెత్తటి వెన్న వేసి పిసకడం. వెన్న వేయగానే పిండి జారిపోయి, విరిగిపోయినట్టు, ఒక ముద్ద నాలుగు ముద్దలైనట్టు కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి గుప్పెడు మైదా చల్లేస్తారు. చల్లకండి. రెండు నిమిషాలు ఓపిక పడితే వెన్న లోపలికి ఇంకి ముద్ద మళ్ళీ కలిసిపోతుంది. ఎడమచేత్తో దగ్గరి అంచు అదిమి పట్టి, కుడి అరచేతి మడమతో ముందుకి తోసి, మడిచి, పావుతిప్పు తిప్పి మళ్ళీ తోయాలి. చాకిరేవులో బట్ట ఉతికే పద్ధతే. గడియారం చూసుకుని పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. చపాతీ పిండికి రెండు నిమిషాలు పిసికే అలవాటుతో మూడో నిమిషానికే చాలనిపిస్తుంది. చాలదు. ఏడెనిమిది నిమిషాలకి పళ్ళేనికి అంటడం మానేస్తుంది. పదో నిమిషానికి చెంపలా నున్నగా అవుతుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, నిమ్మకాయంత ముద్ద తీసి నాలుగు వేళ్ళతో మెల్లగా అన్నివైపులా సాగదీసి దీపానికి అడ్డంగా పట్టుకోండి. చిరగకుండా పొరలా సాగి, అవతల వేలి నీడ కనబడాలి. పొందూరు ఖాదీ వెలుగుకి పట్టి చూసినవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. (పొందూరులో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు. చిన్నప్పుడు మా నాన్న చూపించడానికి తీసుకెళ్ళారు. ఆ దూది మెత్తదనం ఇప్పటికీ వేళ్ళకి గుర్తుంది.) పొర మధ్యలో పటుక్కున చిరిగితే ఇంకో మూడు నిమిషాలు పిసకండి. తడిసిన గోధుమపిండిలో మాంసకృత్తులు ఒకదానికొకటి అల్లుకుని వలలా తయారవుతాయి. ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచేది ఆ వలే. వల బలంగా లేకపోతే గాలి పోతుంది, బన్ను కూలుతుంది.

ముద్దకి నూనె రాసి, దానికి మూడింతలు పట్టే సత్తుగిన్నెలో వేసి మూత పెట్టండి. మా ఊళ్ళో అక్టోబరులో సాయంత్రం కూడా ఉక్కగానే ఉంటుంది. అరగంట బయట ఉంచితే చాలు, పిండి కదిలినట్టు తెలుస్తుంది. ఆ తర్వాత నేరుగా ఫ్రిజ్‌లోకి. చలికి ఈస్ట్ చావదు, నిద్రపోతుంది. కానీ ముద్ద మధ్యభాగం చల్లబడటానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి ఈలోగా కొంచెం పొంగుతుంది. గిన్నె చిన్నదైతే మూత లేచి, పిండి పక్కనున్న పచ్చిమిరపకాయల మీద వాలిపోతుంది. అనుభవంతో చెబుతున్నాను. రాత్రంతా చల్లగా పులిసిన పిండికి రుచి ఎక్కువ. పైగా గట్టిగా ఉంటుంది కాబట్టి చుట్టడం తేలిక. గిన్నె లోపల పెట్టేసి, చీర మార్చుకుని, అందరం తొలేళ్ళకి బయలుదేరతాం.

మంగళవారం పదిన్నరకి గిన్నె బయటికి. ఇక్కడి నుంచి నాకు ఇష్టమైన పని.

చల్లటి ముద్దని పీట మీద బోర్లించి అరచేత్తో నొక్కి గాలి తీసేయండి. మొత్తం తూచి ఇరవై నాలుగుతో భాగిస్తే ఒక్కోటి 45 గ్రాముల దగ్గర వస్తుంది. చేత్తో తుంపకండి, అట్లకాడతోనో కత్తితోనో కోయండి. తుంపితే అల్లుకున్న వల చీలికలు పేలికలవుతుంది. అన్నీ ఒకే బరువు ఉంటేనే ఒకేసారి కాలతాయి. లేకపోతే చిన్నవి మాడతాయి, పెద్దవి లోపల పచ్చిగా ఉంటాయి.

ఒక ముక్క తీసుకోండి. గరుకుగా ఉన్న వైపు పైకి పెట్టి, అంచుల్ని ఒక్కొక్కటీ లాగి మధ్యలోకి తెచ్చి నొక్కండి. చిల్లర పెట్టుకునే సంచికి తాడు లాగినట్టు అన్ని అంచులూ ఒకచోట చేరాలి. ఇప్పుడు తిరగేయండి. ముడి కిందికి, నున్నటి వైపు పైకి. పీట మీద పిండి చల్లకూడదు, అది ముఖ్యం. పిండి చల్లితే ముద్ద జారుతుంది గానీ బిగియదు. అరచేతిని బుట్టలా ముద్ద మీద బోర్లించి, వేళ్ళు పీటకి ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. అడుగు పీటకి కొంచెం అంటుకుని, పైపొర కిందికి లాక్కుపోతుంది. అయిదారు తిప్పులకి అరచేతిలో తేడా తెలుస్తుంది. మెత్తగా వదులుగా ఉన్నది బిగుసుకుని, నొక్కితే తిరిగి తోస్తుంది. జాకెట్టు చంకలో కుట్టు సరిగ్గా పడితే గుడ్డ ఎక్కడా ముడత లేకుండా లాగి నిలబడుతుందే, ఆ బిగువు. పైపొర అలా బిగిస్తేనే బన్ను పైకి పొంగుతుంది. వదులుగా వదిలేస్తే పక్కలకి పాకి బిస్కెట్టులా పరుచుకుంటుంది. మరీ ఎక్కువ తిప్పినా పైపొర చిట్లి గరుకుగా అవుతుంది. అప్పుడు ఆపి, పది నిమిషాలు వదిలేసి మళ్ళీ చుట్టండి.

మా వదిన కూతురికి పదకొండేళ్ళు. పోయినేడు పక్కన కూర్చుని రెండు చేతులతో రెండేసి చుట్టేసింది. నాకింకా అది రాలేదు. "అత్తా, నువ్వు పిండిని భయపెడుతున్నావు, మెల్లగా తిప్పు" అని నాకే చెప్పింది.

ఓటీజీతో వచ్చిన పళ్ళెంలో వెన్న రాసి నాలుగు మూడ్లు పన్నెండు. రెండో పళ్ళెం నా దగ్గర లేదు. ఓటీజీలో పట్టే, అంచు లేచిన గుండ్రటి స్టీలు పళ్ళెం ఒకటి వాడతాను. చుట్టూ తొమ్మిది, మధ్యలో మూడు. మధ్య మధ్య వేలెడు సందు వదలండి. పొంగాక ఒకదాన్నొకటి తాకాలి. అలా తాకినచోట తెల్లగా, దూదిలా విడిపోతాయి. పైన నూనె రాసిన ప్లాస్టిక్ కాగితం వదులుగా కప్పి, రెండు పళ్ళేలూ మళ్ళీ ఫ్రిజ్‌లోకి. కరెంటు పోకముందే, పన్నెండు లోపు ఇది అయిపోవాలి. దానికోసం ముందు రోజే ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి పెట్టుకోండి. పాలు, పెరుగు, పూలు, చట్నీలు తీసి పక్కింటికి పంపించడం కూడా పండగ పనుల్లో రాసుకోండి.

తలుపు తెరవకపోతే కరెంటు లేకపోయినా నాలుగు గంటల దాకా ఫ్రిజ్ చల్లగానే ఉంటుంది. ఆ తెరవకపోవడమే కష్టం. ఇంటినిండా పిల్లలు, చల్లటి నీళ్ళ కోసం నిమిషానికోసారి తలుపు లాగుతారు. నేను కూజాలో నీళ్ళు నింపి గుమ్మం దగ్గర పెట్టి, ఫ్రిజ్ తలుపుకి నా కుట్టుటేపుతో ఒక ముడి వేసి, "తెరిస్తే అమ్మవారు చూస్తుంది" అని చీటీ అంటించాను. మా మరిది ఒక్కడే తెరవబోయి దొరికిపోయాడు.

ఇక మొదటి ఏడు సంగతి. అప్పుడు చుట్టిన బన్నుల్ని ఫ్రిజ్‌లో పెట్టాలని తెలియదు. ఒంటిగంటన్నరకి పళ్ళెంలో సర్ది, గట్టు మీద గుడ్డ కప్పి, సిరిమాను మూడింటికి కదిలితే నాలుగున్నరకి వచ్చేస్తాంలే అనుకుని వెళ్ళిపోయాను. జనంలో మన లెక్కలు నడుస్తాయా? ఊరేగింపులో ముందు పాలధార, జాలరి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం కదలాలి, ఆ వెనకే సిరిమాను. మాను మీదికి అరటిపళ్ళు విసరడం, పిల్లల్ని భుజాన ఎత్తుకోవడం, తప్పిపోయిన చెప్పు వెతుక్కోవడం. ఇంటికి వచ్చేసరికి ఏడు. గుడ్డ తీస్తే పళ్ళెం నిండా బుడగలు, పుల్లటి కల్లు వాసన. వేలు తగిలించగానే అంతా ఉస్సుమని కుంగిపోయింది. ఆ ఉక్కలో అయిదున్నర గంటలు పొంగి పొంగి వల తెగిపోయింది. మీకూ అలా అయితే ఏడవకండి. కొంచెమే మించితే గాలి తీసి మళ్ళీ చుట్టి, ఇంకోసారి పొంగనిస్తే ఒక మాదిరిగా వస్తాయి. నాది అదీ దాటిపోయింది. పళ్ళెమంతా పరిచి, నూనె రాసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు చల్లి దిబ్బరొట్టెలా కాల్చేశాను. పిల్లలు తిన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు సాయంత్రం లెక్క ఇది. ఆరున్నరకి ఇల్లు చేరగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా మొదటి పళ్ళెం బయటికి తీస్తాను. రెండోది ఇంకో అరగంట ఆగి తీస్తాను. ఎందుకంటే ఓటీజీలో ఒకసారికి ఒక్కటే పడుతుంది. రెండూ ఒకేసారి తీస్తే మొదటిది కాలేలోగా రెండోది మించిపోతుంది. చలి వదిలి పొంగడానికి గంట నుంచి గంటంబావు పడుతుంది. గడియారం కన్నా వేలిని నమ్మండి. తడివేలితో పక్కన మెల్లగా నొక్కితే గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైం ఉంది. మెల్లగా, సగం మాత్రమే పూడితే కాల్చే టైం. అసలు పూడకపోతే ఆలస్యమైంది, పరిగెత్తండి.

ఓటీజీని పైనా కిందా కడ్డీలు రెండూ వెలిగించి 180 డిగ్రీల మీద పదిహేను నిమిషాలు ముందే వేడెక్కించాలి. మీట మీద అంకె నమ్మేది కాదు. నాది 180 చూపిస్తే లోపల 200 ఉంటుంది. ఓవెన్ థర్మామీటరు పెట్టి చూశాక తెలిసి, మీట పక్కన గోళ్ళరంగుతో చుక్క పెట్టుకున్నాను. లోపల పెట్టే ముందు బన్నుల మీద పాలు రాయండి. మెరుపు కావాలంటే గుడ్డు గిలక్కొట్టి రాయొచ్చు. నేను చదరం పళ్ళేనికి గుడ్డు, గుండ్రటి పళ్ళేనికి పాలు రాస్తాను. ఆకారం చూస్తే అత్తయ్యవి ఏవో తెలిసిపోతుంది. ఇష్టమైతే నువ్వులో, పలాస జీడిపప్పు పలుకులో చల్లండి.

మధ్య అరలో 20 నుంచి 22 నిమిషాలు. పన్నెండో నిమిషంలో పళ్ళెం వెనక్కి ముందుకి తిప్పండి. నా ఓటీజీలో వెనక ఎడమ మూల తొందరగా మాడుతుంది. మీ దాంట్లో ఏ మూలో ఒకసారి చేస్తే తెలిసిపోతుంది. పైన రంగు ముందే వచ్చేస్తే అల్యూమినియం కాగితం కప్పండి. బెల్లం రంగు తిరిగి, ఒకటి ఎత్తి అడుగున తడితే డొల్లగా మోగితే అయినట్టే. తీయగానే వెన్నముక్కతో పైన రుద్ది, శుభ్రమైన పలచటి గుడ్డ కప్పేయండి. ఆ ఆవిరికే పైపొర మెత్తబడుతుంది. పది నిమిషాలు ఆగి విడదీయండి. కాలగానే విరిస్తే లోపల జిగురుగా అనిపించి ఉడకలేదేమో అనుకుంటారు.

ఓటీజీ లేకపోతే మానుకోనక్కర్లేదు. మా మరదలు సాలూరులో పాత కుక్కర్లో చేస్తుంది. మూతకి గ్యాస్కెట్టు, విజిలు తీసేసి, అడుగున రెండు గుప్పిళ్ళు ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడెక్కించి, చిన్న పళ్ళెంలో ఆరేడు బన్నులు పెట్టి సన్నమంట మీద అరగంట. లోపల బ్రహ్మాండంగా ఉడుకుతాయి గానీ పైన తెల్లగా ఉండిపోతాయి. వెన్న రాసి దోసెపెనం మీద ఒక్క నిమిషం బోర్లిస్తే రంగు వస్తుంది. పద్నాలుగు మందికి చేయాలంటే మాత్రం తెల్లారిపోతుంది.

చోడిపిండి కలపొచ్చా అని మా వీధిలో ఒకావిడ అడిగారు. కలపొచ్చు. 550లో 50 గ్రాములు తీసేసి చోడిపిండి వేయండి, పాలు రెండు చెంచాలు ఎక్కువ పోయండి. అంతకు మించి వేస్తే వల అల్లుకోదు, ఎందుకంటే సాగే గుణం చోళ్ళలో లేదు. రంగు చూసి మా చిన్నాడు చాక్లెట్ బన్ననుకుని తీసుకుని, కొరికాక కూడా ఒప్పుకోలేదు.

మిగిలితే మూతడబ్బాలో బయటే ఉంచండి, రెండు రోజులు బాగుంటాయి. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడతాయి, పెట్టకండి. ఎక్కువ మిగిలితే ఫ్రీజర్లో పెట్టి, కావలసినప్పుడు ఇడ్లీపాత్రలో అయిదు నిమిషాలు ఆవిరి పట్టండి. మా ఇంట్లో పోయినేడు మిగలలేదు. మిగలలేదనే అనుకున్నాను. బుధవారం పొద్దున్న అత్తయ్య వక్కలడబ్బా కోసం వెతుకుతుంటే, ఆవిడ మంచం కింద స్టీలు డబ్బాలో తుండుగుడ్డ చుట్టిన రెండు గుండ్రటి పళ్ళెం బన్నులు దొరికాయి. పక్కన చిన్నగిన్నెలో రాత్రి మాంసం కూర. మంగళవారం వెళ్ళిపోయింది కదా.

"ఇవేటి అత్తయ్యా?" అన్నాను.

"ఎవరికైనా జొరమొస్తే పనికొస్తాయని" అన్నారు.